ఫునాఫుటీలో రాచకార్యము

ఫిజీకి ఉత్తరమున, మహాసముద్రపు నీలిమ నడుమ, పటములు గీయువారు తువాలు అను పేరును అచ్చువేయుదురు గాని దేశమును అచ్చువేయరు. పేరు వేసిన పిమ్మట దేశమునకు చోటు చాలదు. తొమ్మిది పగడపుదీవులును కలిసి 26 చదరపు కిలోమీటర్లు మాత్రమే గదా! ఆ దేశపు రాజధానియగు ఫునాఫుటీలో ఒక సంస్థవారి జమాఖర్చులను కంప్యూటరున కెక్కించు రాచకార్యమునకు మా కంపెనీవారు నన్ను నియోగించిరి. మా మేనత్త ఈ వార్త విని, నేను భీమిలి పోవుచున్నంత నిశ్చింతగా, “సముద్రపు గాలి ఒంటికి మంచిదిరా అబ్బాయీ, మఫ్లరు మాత్రం మరిచిపోకు” అని దీవించెను.

హైదరాబాదునుండి సింగపూరునకును, అచ్చటినుండి ఫిజీకిని, ఎక్కినకొలది చిన్నవగుచున్న విమానములలో పోతిని. ఫిజీలో నన్ను హోటలునకు చేర్చిన టాక్సీ వృద్ధుడు, 1903 మొదలుకొని మద్రాసు రేవున ఓడలెక్కి చెరకుతోటల కూలికి వచ్చిన మనవారి సంతతివాడట. “తువాలులో పనేమి?” అని హిందీలో అడిగి, లెక్కలు వ్రాయుటకని నేను చెప్పగా, నన్ను ఎగాదిగా చూచి, కిరాయి కొంత తగ్గించెను.

ఫునాఫుటీలో రన్‌వే యొక్కటే విశాలమైన స్థలము. 1943లో జపానుపై యుద్ధమునకై అమెరికా సైనికులు దీనిని నిర్మించిరి. యుద్ధము ముగిసెను, సైనికులు పోయిరి. ఊరినిండ ఈ బాట మిగిలెను. విమానము వచ్చునది వారమునకు కొన్ని పర్యాయములే కావున, సాయంకాలమైనచో వాలీబాలు వలలు వెలయును, మోటారుసైకిళ్ళు విహరించును, ఉక్కపోసిన రాత్రులలో కుటుంబములు చాపలు దిండ్లతో వచ్చి ఆకాశము క్రింద పరుండును. విమానము సమీపింపగానే సైరను మ్రోగును, మనుష్యులు తొలగుదురు, కుక్కలు మాత్రము కొంత ఆలోచించి లేచును. అంతర్జాతీయ విమానాశ్రయమును ఇంత సార్థకముగా వాడుకొను జాతి వేరొకటి యున్నదని నేను నమ్మను.

ఇక నా ఉద్యోగధర్మము. అచ్చటి గడియారము మనకంటె ఆరున్నర గంటలు ముందు. నేను సాయంకాలము అయిదింటికి దినకృత్యము ముగించి తలుపు మూయుచుండగా, హైదరాబాదున పదిన్నరయై, మా మేనేజరుగారు కాఫీ త్రాగి నూతనోత్సాహముతో “ఈ రోజు ప్లానేమిటండీ?” అని ఫోను చేయుదురు. ఖర్చులకు రసీదులు పంపుమనిరి. ఆ ఊరికి ఏటీఎం అనునది 2025లో గాని రాలేదు. నేను పోయినది అంతకు పూర్వము. ఆస్ట్రేలియా డాలర్లు జేబున వేసికొని తిరుగుచు, కొబ్బరిచెట్టెక్కి ప్రొద్దుట నీరా దించి తెచ్చిన కుర్రవానిచేత ఒక కాగితముపై సంతకము పెట్టించితిని. పాపము, వాడు నాలుక బయటపెట్టి, ఒక్కొక్క అక్షరమును ముగ్గువలె తీర్చెను. మూడవనాడు లెక్కలశాఖనుండి జవాబు: “విక్రేత జీఎస్టీ సంఖ్య వ్రాయలేదేమి?”

ఇట్టి వేళలలో నాకు డార్విన్ పండితుడు స్మరణకు వచ్చును. పగడపుదీవులు మునిగిపోవు కొండలపై పెరుగునని ఆయన ఊహించెను. ఆ ఊహ నిజమగునో కాదో తేల్చుటకు లండను రాయల్ సొసైటీవారు 1896, 1897, 1898 సంవత్సరములలో వరుసగా మనుష్యులను ఫునాఫుటీకి పంపి వెయ్యి అడుగులకు మించి తొలిపించిరి. ఎంత లోతునకు పోయినను అంతయు పగడపు సున్నమే, కొండ కానరాలేదు. ఒక్క రంధ్రమునకు మూడు యాత్రలు! ఆ సంఘపు లెక్కలవారు ఎంతటి ఉదారులో గదా!

నా పని ముగిసిన మరునాడు మబ్బు పట్టెను. సైరను మ్రోగలేదు. అనంతరము దినదినమును పెట్టె సర్దుటయు, విప్పుటయు. నదులు, ఏరులు లేని ఆ దీవిలో ప్రతి యింటికిని తొట్టి యున్నది. కప్పుమీదినుండి జారు వాననీరే వారికి త్రాగునీరు. కావున నా విమానమును ఆపిన వాన ఊరివారి పాలిటి మహాప్రసాదమైనది. నా దుఃఖమున పాలుపంచుకొనుట కొక్కడును దొరకలేదు. హోటలు యజమానురాలు తొట్టి నిండినదని నాకును ఒక వేపుడుచేప అదనముగా వడ్డించెను.

తిరిగివచ్చి ఆ దినముల భత్యమునకు దరఖాస్తు పెట్టితిని. వాతావరణ కార్యాలయమువారి ధ్రువపత్రమును జతపరచితిని. ఫైలు రెండు నెలలు ఊరేగి, ఎఱ్ఱసిరాతో ఒక ప్రశ్న మోసికొని నా బల్లపైకి తిరిగివచ్చెను: “వాన కురియుటకు ముందు అనుమతి తీసికొనలేదేమి?”