ఒకే బిళ్ల, రెండు మొక్కులు

విటమిన్-ఇ బిళ్లకు మన ఊళ్లో ఉన్న పలుకుబడి ఎమ్మెల్యేగారికి కూడా లేదు. జుట్టు రాలుతోందా, అదే. మొహం మీద మచ్చలా, అదే. రాత్రిళ్లు పిక్కలు పట్టేస్తున్నాయా, అప్పుడూ అదే. మింగేవాళ్లు మింగుతారు. సూదితో పొడిచి లోపలి నూనె మొహానికి పూసుకునేవాళ్లు పూసుకుంటారు. కలబంద గుజ్జులో కలిపి తలకు పట్టించేవాళ్లు పట్టిస్తారు. ఇన్ని శాఖలు చూస్తున్నది చాలదన్నట్టు ఈమధ్య దానికి ఒంటి బరువు శాఖ కూడా అదనంగా అప్పగించారు. చిక్కల్లా ఒక్కటే. కొందరు ఒళ్లు చేయడానికి మింగుతున్నారు, ఇంకొందరు ఒళ్లు తగ్గడానికి మింగుతున్నారు.

పెళ్లిళ్ల సీజన్లో ఏ మందుల షాపు ముందైనా కాసేపు నిలబడండి. పెళ్లికొడుకు తల్లి వస్తుంది. "మావాడికి సూటు భుజాల దగ్గర జారిపోతోంది బాబూ, ముహూర్తం నాటికి కాస్త కండ పట్టాలి. ఆ ఆకుపచ్చ బిళ్లలు రెండు షీట్లు ఇవ్వు." వెనకాలే పెళ్లికూతురి తల్లి. "మా అమ్మాయికి జాకెట్లు పట్టడం లేదు నాయనా, ముహూర్తం నాటికి కాస్త సన్నబడాలి. ఆ ఆకుపచ్చవే, రెండు షీట్లు." వియ్యపురాళ్లిద్దరూ ఒకరినొకరు చూసుకుని "అయ్యో వదినగారూ, మీరూ ఇక్కడికేనా!" అని నవ్వుకుంటారు. షాపతనూ నవ్వుతాడు గానీ ఆ నవ్వు వేరు. ఒకే డబ్బాలోంచి చెరి రెండు షీట్లు తీసిస్తాడు. వ్యాజ్యంలో వాదీ ప్రతివాదీ ఇద్దరూ ఒకే దేవుడికి మొక్కుకున్నట్టన్నమాట. కాకపోతే అక్కడ ఎవరో ఒకరు గెలుస్తారు. ఇక్కడ ఇద్దరూ ఓడిపోతారు, హుండీ మాత్రం నిండుతుంది.

అసలు ఈ విటమిన్ పుట్టుకలోనే బరువుకు చోటు లేదు. 1922లో అమెరికాలో, బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో హెర్బర్ట్ ఎవాన్స్, క్యాథరిన్ బిషప్ అనే ఇద్దరు ఎలుకలకు లెక్కగట్టి తిండి పెట్టారు. పాల మాంసకృత్తులు, పిండిపదార్థం, పంది కొవ్వు, అప్పటికి తెలిసిన విటమిన్లు, అన్నీ పెట్టారు. ఎలుకలు నవనవలాడుతూ పెరిగాయి. కడుపులు కూడా పండాయి గానీ పిండాలు నిలవలేదు. పచ్చి ఆకుకూర తినిపించాక గానీ కాన్పులు సవ్యంగా జరగలేదు. అలా బయటపడిందే విటమిన్-ఇ. అది లేని రోజుల్లో కూడా ఆ ఎలుకలు ఒళ్లు చేయడం మానలేదు, చిక్కిపోనూ లేదు. ఒంటి బరువుతో తనకు పనిలేదని ఆ విటమిన్ మొదటి రోజునే సాక్ష్యం చెప్పింది. వందేళ్లు దాటినా ఆ సాక్ష్యం మన కౌంటర్ దాకా రాలేదు.

సరే, పెళ్లికొడుకు తల్లి కోసం కాస్త లెక్క వేద్దాం. ఆ బిళ్లలో ఉన్నది నూనె. గ్రాము కొవ్వుకు 9 క్యాలరీలు. బిళ్లలో గ్రాము కూడా లేదు, అయినా ఉందనే అనుకుందాం, పెళ్లివారి కోసం ఆమాత్రం ఉదారంగా ఉండాలి. ఒంట్లో కిలో కొవ్వు పేరుకోవాలంటే సుమారు 7,700 క్యాలరీలు ఖర్చుకాకుండా మిగలాలి. రోజుకో బిళ్ల చొప్పున మింగితే అబ్బాయి కిలో పెరగడానికి రెండేళ్లు దాటుతుంది. అప్పటికి మనవడి బారసాల కూడా అయిపోతుంది. ఒక్క మిర్చి బజ్జీ ఆ బిళ్లను ఎన్నో రెట్లు మించిపోతుంది. కానీ బజ్జీని ఎవరూ మందుల షాపులో అమ్మరు కదా, దానికి గౌరవం లేదు.

"మా ఆడపడుచు కొడుకు వాడి లావెక్కాడండీ" అంటారా? ఎక్కే ఉంటాడు. టైఫాయిడ్ తగ్గాక డాక్టరు బలానికని ఏవో బిళ్లలు రాస్తాడు. జ్వరం పోయింది గనక ఆకలి వస్తుంది, ఆకలి వచ్చింది గనక అన్నం తింటాడు, తిన్నాడు గనక పోయిన కిలోలు తిరిగొస్తాయి. పేరు మాత్రం బిళ్లకు వస్తుంది, వంట చేసిన తల్లికి రాదు. ఇంకొన్నిచోట్ల బిళ్లతోపాటు ఓ సీసా కూడా చేతిలో పెడతారు. అందులో ఉండేది సిప్రోహెప్టాడిన్, అలర్జీకి వాడే మందు. నిద్ర తెప్పిస్తుంది, ఆకలి పెంచుతుంది. పని సీసాది, ప్రచారం బిళ్లది.

ఇక పెళ్లికూతురి తల్లి. ఆవిడ చేతిలో ఉన్న ఆయుధం "యాంటీ ఆక్సిడెంట్" అనే మాట. ఈ మాట వినగానే మనకు లోపలెక్కడో కొవ్వు భగ్గున మండిపోతున్న దృశ్యం కనిపిస్తుంది. నిజానికి విటమిన్-ఇ పని కొవ్వును కరిగించడం కాదు, మన కణాల పొరల్లో ఉన్న కొవ్వు చెడిపోకుండా కాపాడడం. కొవ్వుకు కాపలావాణ్ని పెట్టుకుని, ఆ కాపలావాడే కొవ్వును తరిమేస్తాడని ఎదురుచూస్తున్నాం.

జిమ్ముకు వెళ్లే కుర్రాళ్ల కథ ఇంకా రంజుగా ఉంటుంది. 2009లో వెలువడిన ఒక పరీక్షలో జర్మనీ పరిశోధకులు కొందరు యువకుల చేత నాలుగు వారాలు కసరత్తు చేయించారు. సగం మందికి రోజూ విటమిన్-సి 1,000 మిల్లీగ్రాములు, విటమిన్-ఇ 400 యూనిట్లు ఇచ్చారు. కసరత్తు వల్ల ఇన్సులిన్ మెరుగ్గా పనిచేయాలి. బిళ్లలు మింగనివాళ్లలో అలాగే మెరుగైంది, మింగినవాళ్లలో కాలేదు. ఈ ఒక్క పరీక్షతో తుది తీర్పు ఇచ్చేయలేం. కానీ చెమటోడ్చి సంపాదించిన దాన్ని డబ్బిచ్చి మరీ పోగొట్టుకునే అవకాశం ఉందని తెలిస్తే, ట్రెడ్‌మిల్ మీద ఉన్నవాడు ఒక్క నిమిషం దిగి ఆలోచించాలి.

బిళ్లకు అన్యాయం చేయకూడదు. దానికీ ఓ విజయం ఉంది. మద్యం వల్ల కాకుండా కాలేయానికి కొవ్వు పట్టి, వాపు కూడా వచ్చిన, షుగర్ లేని 247 మంది మీద అమెరికాలో 96 వారాలు పరీక్ష జరిపారు. ఫలితాలు 2010లో వచ్చాయి. రోజుకు 800 యూనిట్ల విటమిన్-ఇ వాడినవాళ్లలో 43 శాతం మందికి కాలేయం మెరుగైంది, ఉత్తుత్తి బిళ్ల మింగినవాళ్లలో 19 శాతం మందికే మెరుగైంది. మరి బరువు? అదే పరీక్షలో పయోగ్లిటజోన్ అనే షుగర్ మందు వాడినవాళ్లు సగటున 4.7 కిలోలు పెరిగారు. విటమిన్-ఇ వాళ్లు పెరగలేదు, తగ్గలేదు. దాదాపు రెండేళ్లు, మామూలు అవసరానికి ఎన్నో రెట్ల మోతాదు మింగినా తూకం ముల్లు కదల్లేదు. ఇలాంటి పరీక్షలను కలిపి చూసిన విశ్లేషణల్లోనూ బరువు మీద చెప్పుకోదగ్గ ప్రభావం కనిపించలేదు.

ఫలితం లేకపోతే పోనీ, నష్టమేముంది అంటారా? పెద్దవాళ్లకు రోజుకు కావలసింది 15 మిల్లీగ్రాములని అమెరికా లెక్క. మన బిళ్ల మీద రాసి ఉండేది 400. కృత్రిమంగా చేసిన రకానికి సగం కన్నా తక్కువ సత్తువే ఉందని తగ్గించి లెక్కేసినా పన్నెండు రెట్లు. పెరుగన్నంలోకి పన్నెండు మందికి సరిపడా ఉప్పు వేస్తే విస్తరి ముందునుంచి లేచిపోయే మనం, దీన్ని మాత్రం నీళ్లతో గుటుక్కుమనిపిస్తాం. పైగా ఇది కొవ్వులో కరిగే విటమిన్, మిగిలిందాంట్లో కొంత ఒంట్లోనే నిలవుంటుంది. పెద్ద మోతాదుల్లో రక్తం గడ్డకట్టే గుణాన్ని తగ్గిస్తుంది. రక్తం పలుచన చేసే వార్ఫరిన్ మందు వాడే తాతగారు మనవరాలి నిగారింపు బిళ్లలు సరదాగా తానూ మొదలుపెడితే అది సరదాగా ఉండదు. 35 వేల మందికి పైగా మగవాళ్ల మీద జరిగిన సెలెక్ట్ అనే పరీక్షలో రోజూ 400 యూనిట్లు మింగినవాళ్లకు ప్రోస్టేట్ క్యాన్సర్ 17 శాతం ఎక్కువగా వచ్చిందని 2011లో తేలింది. దాన్ని నివారిస్తుందేమో చూద్దామని మొదలుపెట్టిన పరీక్ష అది!

ఇంత తెలిసినా బిళ్ల గిరాకీ తగ్గదు. ఎందుకంటే మనకు మానుకోవడం చేతకాదు, మింగడం చేతనవును. సాయంత్రం పునుగులు మానమంటే మొహం ముడుచుకుంటాం. పునుగుల తర్వాత బిళ్ల వేసుకోమంటే రెండూ ఆనందంగా చేస్తాం. పెళ్లికూతురు జాకెట్టు కుట్టు విప్పించుకుంటే దర్జీకి పోయేది కొద్ది డబ్బులు, పెళ్లికొడుకు సూటు భుజాలు బిగించినా అంతే. కొలతలు మార్చాల్సింది బట్టలకు. మనమేమో మనుషులకు మారుస్తున్నాం.

కాబట్టి తీర్పు ఇది. విటమిన్-ఇ ఒంటి బరువును పెంచదు, తగ్గించదు. కొవ్వు ఒంటికి పట్టనీయని జబ్బులున్నవాళ్లకూ, డాక్టరు ఫలానా కారణానికని రాసిచ్చినవాళ్లకూ అది మందు. మిగతావాళ్లకు రోజువారీ అవసరమంతా పల్లీల్లో, బాదంలో, పొద్దుతిరుగుడు నూనెలో, ఆకుకూరల్లో దొరుకుతుంది. రక్తం పలుచన చేసే మందు ఇంట్లో ఎవరైనా వాడుతుంటే మాత్రం డాక్టర్ని అడక్కుండా ఆ ఆకుపచ్చ షీటు జోలికి పోనివ్వకండి.