కెరీర్‌కి జెండా పాట

ఫిబ్రవరిలో ఓ బుధవారం సాయంత్రం పక్కింటి పిల్లవాడు గేటు తోసుకుని వచ్చాడు. "తాతా, మీకు తెలిసిన ప్రొఫెషనల్ ఎవరన్నా ఉన్నరా?" ఇసుక ట్రాక్టరు ఎవరికన్నా ఉందా అని అడిగినట్టే అడిగాడు. చేతిలో బడివాళ్ళిచ్చిన కాగితం. పైన పెద్దక్షరాల్లో 'కెరీర్ ఇంటర్వ్యూ', కింద పది ప్రశ్నలు. శుక్రవారానికల్లా నింపి, సదరు ప్రొఫెషనల్ పక్కన నిలబడి దిగిన ఫొటో అంటించి ఇవ్వాలట. ఫొటోకి అయిదు మార్కులు.

"మీ నాయన్ని అడగరాదురా?"

"నాయన ప్రొఫెషనల్ కాదు తాతా, హమాలీ."

ఇంకేం మాట్లాడతాం? కాగితం తీసుకుని చూశాను. మీకు స్ఫూర్తి ఎవరు, మీ విజయ రహస్యమేమిటి, మీరు ఎదుర్కొన్న సవాళ్ళేమిటి, విద్యార్థులకు మీ సందేశమేమిటి... పద్మశ్రీ వచ్చిన మర్నాడు పేపరువాళ్ళు అడిగే ప్రశ్నలు. జీతమెంత, ఏ తారీకున పడుతుంది, చదువుకి ఎంత అప్పయింది, ఉద్యోగం రాక ఎన్నేళ్ళు ఖాళీగా ఉన్నారు, నడుము ఏ వయసులో పట్టేసింది అన్నవి మాత్రం లేవు. పెళ్ళిచూపుల్లో కూడా ఇంతకంటే లోతుగా అడుగుతారు.

నిజానికి ఈ అడిగి తెలుసుకునే పద్ధతి చెడ్డదేం కాదు. దానికి ఊపు తెచ్చినవాడు రిచర్డ్ బోల్స్ అనే అమెరికా పాస్టరు. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఓ పెద్ద చర్చివాళ్ళు డబ్బుల్లేవని ఆయన్ని తీసేశారు. తనలాగే కొలువు పోయిన తోటి పాస్టర్ల కోసం 1970లో ఒక పుస్తకం రాసి, తన ఖర్చుతోనే అచ్చు వేసుకున్నాడు. అది తర్వాత కోటి కాపీలు దాటింది. అందులో చెప్పిన సూత్రాల్లో ఒకటి: ఆ పని చేస్తున్నవాడి దగ్గరికే నేరుగా పోయి ఇందులోకి ఎట్లా వచ్చావు, ఏది నచ్చింది, ఏది నచ్చలేదు, ఇంకెవరిని కలవమంటావు అని అడగమని. అంటే ఇంట్లో పొయ్యి వెలగాలి గనక అడిగే ప్రశ్నలు. మన దగ్గర అవి ఫొటోతో కలిపి ఇరవై మార్కుల ప్రాజెక్టయ్యాయి.

2020 జాతీయ విద్యా విధానంలో కూడా ఇలాంటిదే ఉంది. ఆరు నుంచి ఎనిమిది తరగతుల పిల్లలు పది రోజులు సంచీ లేకుండా, ఊళ్ళో వడ్రంగి, తోటమాలి, కుమ్మరి, కళాకారుల దగ్గర పని చూడాలని రాశారు. ఢిల్లీలో కూర్చున్నవాళ్ళకి కూడా వడ్రంగీ కుమ్మరీ కనబడ్డారు. కాగితం మా కూసుమంచి చేరేసరికి వడ్రంగి డాక్టరయ్యాడు, కుమ్మరి సాఫ్ట్‌వేరయ్యాడు. కాకతీయుల కాలంలో అంతంత రాళ్ళు తొలిచి గణపేశ్వరాలయం లేపిన ఊరు ఇది. ఇవాళ ఖమ్మం చుట్టూ ఇంకా రాయి కోస్తూనే ఉన్నారు, గ్రానైట్ పలకలు అద్దంలా పాలిష్ పడుతూనే ఉన్నారు. వాళ్ళు ప్రొఫెషనల్స్ కారు. పాలేరు జలాశయంలో వల వేసేవాడు సరేసరి, వాడికి ప్యాంటే లేదు.

మరి ప్రొఫెషనల్ ఎవరయ్యా అంటే, సంక్రాంతి సెలవులకి అమెరికా నుంచి దిగి, బడికొచ్చి, మైకు పట్టుకుని "నేనూ మీలాగే ఈ బెంచీ మీదే కూర్చున్నాను" అనేవాడు. ఆయన పక్కన అదే బెంచీ మీద కూర్చున్న మిగతా ముగ్గురూ ఏమయ్యారో ఎవరూ అడగరు. కాగితంలో ఆ ప్రశ్న లేదు.

ఖమ్మం మిర్చి యార్డు ఎరిగినవాళ్ళకి ఇట్లా ఒక్కణ్ణి ఎత్తి చూపే విద్య కొత్త కాదు. దీన్ని అక్కడ జెండా పాట అంటారు. పొద్దున్నే ఓ మంచి రాశి దగ్గర జెండా ఎత్తి పాట పాడతారు. ఆ రోజుకి అదే గరిష్ఠ ధర. మర్నాడు పేపర్లో పడేదీ అదే. ఆ అంకె చూసి ఊళ్ళో రైతు బస్తాలు బండికెత్తుతాడు. తీరా యార్డుకి చేరాక ఖరీదుదారు గుప్పెడు కాయలు చేతిలోకి తీసుకుంటాడు, ఒకటి విరిచి చూస్తాడు, రంగు తగ్గిందంటాడు, తేమ ఉందంటాడు, తాలు కలిసిందంటాడు. జెండా పాట ధర జెండా దగ్గరే ఉండిపోతుంది. మైకు పట్టుకున్న ఆ అమెరికా అబ్బాయి జెండా పాట. ఊరి మలుపులో ఒకటి, ఒకటి, రెండు, మూడు అని ర్యాంకుల ఫొటోలు నింపిన హోర్డింగు జెండా పాట. తాలుకాయ ధర ఎవడూ పాడడు.

అసలు సిసలు ఇంటర్వ్యూ జరగడం లేదని కాదు. జరుగుతోంది, కాకపోతే తిరగేసి. పదో తరగతి పరీక్షలు ఇంకా మొదలుకాకముందే కార్పొరేట్ కాలేజీల పీఆర్వోలు బైకులేసుకుని ఊళ్ళోకి దిగుతారు. షెడ్యూలు రాకముందే అడ్మిషన్లు చేయొద్దని ఇంటర్ బోర్డు ఏటా హెచ్చరిస్తుంది. ఏటా వీళ్ళు వస్తారు. అరుగు మీద కూర్చుని మంచినీళ్ళు తాగి మొదలుపెడతారు: "ఎన్నెకరాలు మామా? మిరప ఎంత పెట్టారు? తెంపుడైందా? ఏసీ గోదాములో పెట్టారా, అమ్మారా? పెద్దమ్మాయి పెళ్ళైందా?" పది నిమిషాల్లో ఆ ఇంటి లెక్క మొత్తం పీఆర్వోగారి చేతిలో ఉంటుంది. మిర్చి డబ్బు ఏ వారంలో చేతికొస్తుందో రైతుకంటే ముందు ఆయనకే తెలుస్తుంది. ఏ కాగితమూ లేకుండా, ఫొటో దిగకుండా, ఎంత శ్రద్ధగా అడుగుతాడో! బోల్స్ గారు బతికుంటే ఆయన్ని కౌగిలించుకునేవారు. ఆ ఇంటి పిల్లవాడికేం ఇష్టమో తప్ప అన్నీ అడుగుతాడు. అదొక్కటీ ఎంపీసీయా బైపీసీయా అని అడిగేస్తే సరిపోతుంది గదా.

ఆ రాత్రి కాగితం నా దగ్గరే ఉండిపోయింది. పక్కనే ఉన్న నేలకొండపల్లి గోపన్నగారి చేత, అదే మన భక్త రామదాసు చేత, దాన్ని నింపిస్తే ఎట్లా ఉంటుందా అని సరదాగా ఊహించాను. వృత్తి? పాల్వంచ పరగణా తహసీల్దారు. ఈ ఉద్యోగం ఎలా సాధించారు? మేనమామలు అక్కన్న, మాదన్న తానీషా కొలువులో ఉన్నారు. పనిలో మీకు నచ్చినది? భద్రాచలంలో గుడి కట్టడం. ఎదుర్కొన్న సవాళ్ళు? శిస్తు లెక్కల ఆడిట్. ఆ తర్వాత? గోల్కొండలో పన్నెండేళ్ళ జైలు. సమస్యను ఎలా అధిగమించారు? రామలక్ష్మణులే స్వయంగా వచ్చి బాకీ కట్టారంటారు. ఈ చివరి సదుపాయం ఇప్పుడు ఏ శాఖలోనూ లేదు. ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి. మేనమామల సంగతి దాచకుండా చెప్పే ప్రొఫెషనల్ మళ్ళీ దొరకడు.

మర్నాడు మొదటి బస్సుకి వాళ్ళ నాన్నతో పాటే పిల్లవాణ్ణీ తీసుకుని యార్డుకి పోయాను. లోపల అడుగు పెట్టగానే ముగ్గురం తుమ్మాం. కాదు, ఇద్దరమే. వాళ్ళ నాన్న అప్పటికే ముక్కుకి తువ్వాలు చుట్టేశాడు. నిన్నటిదాకా ఇంట్లో మంచం మీద మూలుగుతూ కనబడ్డ మనిషి బస్తా మూతికి కొక్కెం వేసి, ఒక్క ఊపున వీపు మీదికి తీసుకుని, నడుము వంగకుండా మోకాళ్ళు మాత్రం వంచి నడిచాడు. పిల్లవాడు పెన్ను పట్టుకుని అట్లాగే చూస్తూ నిలబడ్డాడు. వాళ్ళ నాన్న పని చేస్తుండగా చూడటం వాడికదే మొదటిసారట. అడగాలంటే సిగ్గేసినట్టుంది, పోయి కాటా దగ్గర దడవాయిని పట్టుకున్నాడు.

"మీకు స్ఫూర్తి ఎవరండీ?"

"మా మామ. లైసెన్సు ఆయనది."

నాకు గోపన్నగారు గుర్తొచ్చారు.

"మీ విజయ రహస్యం?"

"పొద్దున్నే రావాలె."

"ఎదుర్కొన్న సవాళ్ళు?"

ఆయన తుమ్మి, ముక్కు తుడుచుకుని, ఇంకో బస్తా ఎత్తించాడు. అంకె చూశాడు. మళ్ళీ చూశాడు.

"విద్యార్థులకు మీ సందేశం?"

"ముందు కాటా మీంచి కాలు తియ్."

వాడు కాలు తీసి, అదే రాసుకున్నాడు.