గుట్ట మీది మాట

2023 వేసవిలో లండన్‌లో ఉన్నప్పుడు మా అమ్మాయి నన్ను సోహోప్లేస్ థియేటర్‌కి తీసుకెళ్లింది. నాటకం ‘బ్రోక్‌బ్యాక్ మౌంటెన్’. ఆనీ ప్రూ 1997లో రాసిన కథను ఆష్లీ రాబిన్సన్ నాటకంగా మలిచాడు. ఆంగ్ లీ సినిమా 2005లోనే వచ్చినా నేను చూడలేదు. ఇద్దరు మగపిల్లల ప్రేమ పట్నం గాలికి పుట్టేదని అంతకు ఎన్నో ఏళ్ల ముందే తేల్చేసుకున్నాను.

కథ మొదలయ్యేది 1963లో, అమెరికాలోని వయోమింగ్ కొండల్లో. జాక్, ఎన్నిస్ ఇరవై నిండని కుర్రాళ్లు. గొర్రెలు కాయడానికి కూలికి కుదిరారు. అక్కడ పట్నం లేదు, నేర్పినవాడు లేడు. చలి ఉంది, నెగడు ఉంది, మంద ఉంది. అక్కడే ఒకరికొకరయ్యారు.

నెగడు దగ్గర ఆ ఇద్దర్నీ చూస్తుంటే నా హాస్టల్ మిత్రుడు గుర్తొచ్చాడు. ఒక రాత్రి డాబా మీద, ఉక్కపోతకి చాపలు పరుచుకుని పడుకున్నప్పుడు, ఆకాశంకేసి చూస్తూ చెప్పాడు: “నాకు పెళ్లొద్దురా. మా గుట్ట మీద మేకలు కాసే రోజుల నుంచీ వాడే నా మనసులో ఉన్నాడు.”

గుట్ట అన్నాడు. మేకలు అన్నాడు. పట్నం మొహం చూడకముందు మాట అది. అయినా నేను, “ఇదంతా సిటీకొచ్చాక పట్టిన పిచ్చిరా. ఊరెళ్లి పెళ్లి చేసుకో, అదే పోతుంది” అన్నాను. అతను ఇంకేం మాట్లాడలేదు. చాప చుట్టుకుని కిందికి వెళ్లిపోయాడు. మంచి సలహా ఇచ్చానన్న తృప్తితో నిద్రపోయాను.

ఊళ్లో అతనికి ఎంత భయముండేదో కూడా నేను అడగలేదు. కథలో ఎన్నిస్‌కి తొమ్మిదేళ్లప్పుడు, మరో మగవాడితో కలిసి బతికినందుకు చంపేసిన ఒక మనిషి శవాన్ని తండ్రి తీసుకెళ్లి చూపిస్తాడు. అది కల్పనే. కానీ కథ అచ్చయిన మరుసటి ఏడాదే, 1998 అక్టోబరులో, అదే వయోమింగ్‌లోని లారమీ ఊరి బయట మాథ్యూ షెపర్డ్ అనే 21 ఏళ్ల కుర్రాణ్ణి కంచెకి కట్టేసి కొట్టారు. ఆ దెబ్బలకే పోయాడు.

జాక్, ఎన్నిస్ ఇద్దరూ పెళ్లిళ్లు చేసుకుంటారు. నాలుగేళ్ల తర్వాత కలుసుకున్నప్పుడు గుమ్మంలోంచి ఎన్నిస్ భార్య ఆల్మా చూస్తుంది. ఏమీ అనదు. ఆ ఘట్టం దగ్గరే నాకు ఊపిరాడలేదు. నా మిత్రుడు నా సలహా విన్నాడు మరి. ఆ నెలాఖరుకే ఊరెళ్లాడు, మేనమామ కూతురిని చేసుకున్నాడు.

ఇండియాకి తిరిగొచ్చాక నంబరు సంపాదించి ఫోన్ చేశాను. “తప్పు చేశాన్రా, ఆ రోజు నీ మాట వినలేదు” అన్నాను. చాలాసేపు పలకలేదు. “నాదేముందిలేరా, పాపం దానికే అన్యాయం జరిగింది” అన్నాడు.

పెళ్లికి వెళ్లాను, వాళ్లింట్లో భోంచేశాను. ఆమె పేరేమిటో ఈరోజు వరకూ నాకు తెలియదు.