ఫీజు మాహాత్మ్యం

ధర పెరిగినకొద్దీ గిరాకీ తగ్గుతుందన్న అర్థశాస్త్ర ప్రాథమిక సూత్రం హైదరాబాదు పశ్చిమ శివార్లలోని ఇంటర్నేషనల్ స్కూళ్ల గేటు దాటి లోపలికి పోలేకపోవడం వర్తమాన తెలుగు మధ్యతరగతి చరిత్రలో ఒక విశేష ఘట్టం. ఆరో తరగతికి ఏడాదికి లక్ష రూపాయలు అడిగే బడిని ‘ఫరవాలేదు’ అనీ, రెండు లక్షలు అడిగే బడిని ‘మంచిది’ అనీ, నాలుగు లక్షలు అడిగే బడిని ‘సీటు దొరకడమే కష్టమట’ అనీ చెప్పుకునే తల్లిదండ్రులు, ఆ మూడు బడుల్లోనూ లెక్కలు చెప్పేదెవరో, వారు ఎన్నేళ్లుగా అక్కడ నిలిచి ఉన్నారో విచారించిన దాఖలాలు అరుదు. కొన్నవాడి స్తోమతను నలుగురికీ చాటడమే ముఖ్య ప్రయోజనంగా గల ఇటువంటి కొనుగోలుకు అర్థశాస్త్రవేత్త థోర్‌స్టీన్ వెబ్లెన్ 1899లో వెలువరించిన గ్రంథంలో ప్రదర్శక వినియోగమని పేరుపెట్టి, చేతిపని వెండి చెంచా చవక చెంచా కన్నా అదనంగా చేసే పనేమీ లేదని నిరూపించాడు. అయితే ఆ చెంచా కనీసం ఇంట్లో మిగిలేది, అవసరానికి తాకట్టుకైనా పనికివచ్చేది. ఫీజు రసీదుకు ఆ సౌకర్యం లేదు.

ఇంత ఖరీదైన సరుకును అమ్ముతున్నది వ్యాపారసంస్థ కాదనీ, చట్టం దృష్టిలో అదొక ధర్మకార్యమనీ గుర్తుచేస్తే, కౌంటరు ముందు నిలబడినవారికి కాస్త ఉపశమనం కలగవచ్చు. మన దేశంలో పాఠశాలను నడపవలసింది సొసైటీ, ట్రస్టు వంటి లాభాపేక్ష లేని సంస్థలే. టి.ఎం.ఎ. పాయ్ ఫౌండేషన్ కేసులో 2002లో పదకొండుగురు న్యాయమూర్తుల సుప్రీంకోర్టు ధర్మాసనం, ప్రైవేటు యాజమాన్యాలకు ఫీజు నిర్ణయించుకునే స్వేచ్ఛను గుర్తిస్తూనే, సంస్థ అభివృద్ధికి కావలసిన సహేతుకమైన మిగులు ఉండవచ్చు గాని లాభాల వేట కూడదని చెప్పింది. మిగులు ఎక్కడ ముగుస్తుందో, లాభం ఎక్కడ మొదలవుతుందో తేల్చే పనిని అంతకు ఎనిమిదేళ్ల ముందే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం తలకెత్తుకుని, 1994 నాటి ఒకటో నంబరు జీవోలో, వసూలైన ఫీజులో సగం సిబ్బంది జీతాలకు పోవాలనీ, యాజమాన్యానికి చెందేది అయిదు శాతమేననీ రాసిపెట్టింది. ఆ అయిదు శాతంతోనే ఎకరాలకొద్దీ క్యాంపస్‌లూ, ఒకదాని వెనుక ఒకటిగా బ్రాంచీలూ లేచాయని నమ్మక తప్పదు గనుక, తెలుగు విద్యాదాతల పొదుపు శక్తి డాక్టరేటు స్థాయి పరిశోధనకు అర్హమైన విషయం. భవనం ఒక కంపెనీదై, అద్దె కట్టేది ట్రస్టై, ఆ కంపెనీ ట్రస్టు చైర్మన్ గారి బావమరిదిది అయినచోట ఈ పొదుపు మరింత సులభసాధ్యమవుతుంది; మిగులు పుట్టకముందే అద్దె రూపంలో అది గడప దాటిపోతుంది.

ఈ సంస్థలు వెలువరించే సాహిత్యంలో అన్నిటికన్నా శ్రద్ధగా చదవదగినది ఫీజుల పట్టీ. అందులో ఒక్కసారే కట్టవలసిన, తిరిగి రాని అడ్మిషన్ ఫీజు ఉంటుంది. తిరిగి వచ్చేదే అయినా, విద్యార్థి బడి విడిచేదాకా వడ్డీ లేకుండా యాజమాన్యం దగ్గర విశ్రమించే కాషన్ డిపాజిట్ ఉంటుంది. ట్యూషన్ ఫీజు తర్వాత యాక్టివిటీ ఫీజు, టెక్నాలజీ ఫీజు, బస్సు, భోజనం, బడి కౌంటరులోనే కొనితీరవలసిన యూనిఫాం, వారానికి రెండు రోజులు వేసుకునే తెల్ల బూట్లు వరుసకడతాయి. 2009 నాటి విద్యాహక్కు చట్టం కేపిటేషన్ ఫీజును, అంటే సీటు కోసం చేతులు మారే సొమ్మును, నిషేధించిన మాట నిజమే. కాని పాఠశాల ప్రకటించిన ఫీజు కాకుండా వసూలుచేసే విరాళం, చందా, చెల్లింపు ఏదైనా కేపిటేషనే అని ఆ చట్టం నిర్వచించినందువల్ల, ఎంతటి విరాళమైనా ఒక ఇంగ్లీషు పేరు తగిలించుకుని పట్టీలో ఒక వరుసగా చేరగానే శుద్ధి పొందుతుందన్న భాష్యం లోకంలో స్థిరపడింది. ప్రవేశం కోసం పిల్లలను గాని తల్లిదండ్రులను గాని వడపోస్తే మొదటిసారికి 25,000 రూపాయల దాకా, ఆ తర్వాత ప్రతిసారీ 50,000 దాకా జరిమానా ఉందని అదే చట్టం చెబుతుంది. ఒక్క సీటు అడ్మిషన్ ఫీజుకు కూడా చాలని ఆ మొత్తానికి జడిసి కాబోలు, యాజమాన్యాలు ఇంటర్వ్యూ అన్న మాట మానేసి, తండ్రి ఉద్యోగమూ తల్లి ఇంగ్లీషూ పరీక్షించే ఆ అరగంటను ‘ఇంటరాక్షన్’ అంటున్నాయి.

పట్టీలోని అంకెలకు కాలం తోడైతే ఏమవుతుందో చూడడం కూడా పాండిత్యంలో భాగమే. తెలంగాణ ప్రభుత్వం ఫీజుల నియంత్రణ కోసం 2017లో నియమించిన ఆచార్య తిరుపతిరావు కమిటీ ఏటా పది శాతం దాకా పెంపును అనుమతించవచ్చని సూచించింది. ఆ లెక్కనే ఆరో తరగతిలో నాలుగు లక్షలతో మొదలైన ఫీజు పదో తరగతికి 5,85,640 రూపాయలకు చేరి, అయిదేళ్ల మొత్తం 24,42,040 అవుతుంది. బస్సూ బూట్లూ వేరు. ఇందుకు బదులుగా దక్కే వాటిలో బ్రోచరు ముఖచిత్రాన్ని అలంకరించే గుర్రపుస్వారీ ఒకటి. నలభై నిమిషాల పీరియడులో ముప్పైమంది పిల్లలు రెండు గుర్రాలను పంచుకుంటే, తలా రెండు నిమిషాల నలభై సెకన్లు వస్తాయి. హెల్మెట్ బిగించడానికీ, ఎక్కడానికీ, దిగడానికీ, సాయంత్రానికల్లా తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపుకు చేరవలసిన ఫొటో తీయడానికీ పోగా మిగిలిన వ్యవధిలో గుర్రం నాలుగడుగులు వేస్తుంది.

ఖర్చును సమర్థించుకోవడానికి వినవచ్చే ప్రధాన ప్రమాణం పూర్వవిద్యార్థుల పేర్లు. 1923లో జాగీర్దారుల పిల్లల కోసం వెలసిన కళాశాలే తర్వాతి కాలంలో బేగంపేటలోని హైదరాబాద్ పబ్లిక్ స్కూల్ అయిందనీ, సత్య నాదెళ్ల, శంతను నారాయణ్, అజయ్ బంగా అక్కడ చదివినవారేననీ అందరికీ తెలిసిందే. దీని నుంచి ఆ బడి గురించి ఏమైనా గ్రహించవచ్చు గాని, నిన్నమొన్న కోకాపేటలో గోడలు లేచిన మరొక బడి గురించి గ్రహించగలిగేది శూన్యం. అయినా ఆ ముగ్గురి సాక్ష్యంతో అన్ని ఖరీదైన స్కూళ్లకూ ఓటు పడుతోంది. వారి పక్క బెంచీల్లో కూర్చుని, అదే ఫీజు కట్టి, ఏ కంపెనీకీ అధిపతులు కాలేకపోయినవారి జాబితా ఏ బ్రోచరులోనూ అచ్చుకాదు.

ఎంపిక ప్రభావమని గణాంకవేత్తలు పిలిచే చిక్కు ఇక్కడే ఉంది: బాగా చదివే పిల్లలనూ, చదివించే ఇళ్లనూ ముందే ఏరి తెచ్చుకున్న బడి, ఆ పిల్లలు బాగా చదివినప్పుడు అది తన ఘనత అని చెప్పుకోవడం. బోస్టన్, న్యూయార్కు నగరాల్లో ప్రవేశపరీక్ష పెట్టి చేర్చుకునే పేరుమోసిన ప్రభుత్వ పాఠశాలల మీద అబ్దుల్కదిరొగ్లు, ఆంగ్రిస్ట్, పాఠక్ 2014లో ప్రచురించిన అధ్యయనం, కటాఫ్ మార్కుకు కొంచెం పైనుండి సీటు పొందినవారికీ, కొంచెం కిందనుండి పొందలేకపోయినవారికీ తర్వాతి పరీక్షల్లో చెప్పుకోదగ్గ తేడా లేదని తేల్చింది. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ మన ఆంధ్రప్రదేశ్ పల్లెల్లోనే ఇంకా చక్కగా, లాటరీ వేసి కొందరు పిల్లలకు ప్రైవేటు బడి ఖర్చు భరించి, నాలుగేళ్ల తర్వాత పరీక్షించగా, తెలుగులోనూ లెక్కల్లోనూ సర్కారు బడి పిల్లల కన్నా వారు ముందున్నది ఏమీ లేదు. ప్రైవేటు బళ్లు ఆ రెంటికీ తక్కువ సమయం కేటాయించి, హిందీ వంటి వాటిలో మెరుగు చూపాయి. అవి చవక బళ్లనీ, తక్కువ ఖర్చుతో అంతే ఫలితం తెచ్చిన ఘనత వాటికి దక్కుతుందనీ న్యాయంగా ఒప్పుకోవాలి. ఖరీదైన స్కూళ్ల మీద ఇటువంటి లాటరీ పరీక్ష జరపవచ్చునని ఎవరైనా ప్రతిపాదిస్తే, యాజమాన్యాల ముఖకవళికలు చూడదగ్గవిగా ఉంటాయి.

ఈ డబ్బుకు దక్కేది ఏమీ లేదనడం అబద్ధం. తరగతిలో డెబ్బైమందికి బదులు పాతికమంది, తాళం వేయని మరుగుదొడ్డి, నిజంగానే ఆడుకోనిచ్చే మైదానం, బెత్తం లేని ఉపాధ్యాయుడు, తడుముకోని ఇంగ్లీషు, రేపు వ్యాపారంలో అక్కరకొచ్చే సహపాఠుల తండ్రులు దొరుకుతారు. ఇవి కావాలి, కొనే శక్తి ఉంది, కొన్నాం అన్నవారితో ఎవరికీ పేచీ లేదు. దీనినే ‘పెట్టుబడి’ అనీ, ‘పిల్లల భవిష్యత్తు’ అనీ గంభీరంగా ఉచ్చరించి, నెలసరి కిస్తీల మీద అప్పు తెచ్చి మరీ కట్టడం దగ్గర పేచీ.

ఎందుకంటే ఆ భవిష్యత్తు తెలుగునాట పదో తరగతి ఆఖరి పరీక్షనాటికే దిశ మార్చుకుంటుంది. జెనీవా కేంద్రంగా 1968లో పుట్టిన ఐబీ పద్ధతిలోనో, కేంబ్రిడ్జి పద్ధతిలోనో బట్టీ పట్టకుండా ప్రశ్నించడం అయిదేళ్లు నేర్చిన విద్యార్థుల్లో విదేశాలకు వెళ్లదలచిన కొద్దిమంది తప్ప, తక్కినవారిలో ఎందరినో మే నెల రాకముందే కార్పొరేట్ జూనియర్ కాలేజీ హాస్టల్లో చేర్పిస్తారు. అక్కడ ఉదయం ఆరింటి స్టడీ అవర్లో ప్రశ్నించే స్వభావాన్ని మాన్పించడానికి మళ్లీ వేరే ఫీజు ఉంటుంది. జేఈఈ దరఖాస్తులో మార్కులు కలిపే గడి ఏదీ బడి పేరుకు ఉండదు. రెండేళ్ల తర్వాత మంచి ర్యాంకు వస్తే కాలేజీ టీవీలో ప్రకటన ఇస్తుంది, పాత స్కూలు ‘మా విద్యార్థే’ అని గేటుకు ఫ్లెక్సీ కడుతుంది. అయిదేళ్లపాటు సాయంత్రాలు ఇంటికి వచ్చి లెక్కలు చెప్పిన, ఆ స్కూలు బస్సు ఫీజు కన్నా తక్కువ పుచ్చుకున్న ట్యూషన్ మాస్టారి ఫొటో ఏ ఫ్లెక్సీకీ ఎక్కదు.