చుక్క మసకబారితే మాకు తెలిసేది

"తాతా, ఇంకో పెద్ద గ్రహం దొరికింది" అంటాడు మా మనవడు ఇడ్లీ తింటూ, మోజంజాహీ మార్కెట్లో గోంగూర కట్ట దొరికినంత తేలిగ్గా. ఏ చుక్క దగ్గరరా, చూపించు అంటే ల్యాప్‌టాప్ నా వైపు తిప్పుతాడు. అందులో చుక్కా లేదు, గ్రహమూ లేదు. చుక్క వెలుగును చూపే అడ్డగీత ఒకటి, మధ్యలో చిన్న గుంట. "ఇప్పుడు ఆకాశం ఎవరు చూస్తరు తాతా? అంతా లైట్ కర్వే" అని నాకే పాఠం!

మా రోజుల్లో నాంపల్లి మేడల మీద ఆకాశం కిరాయి లేకుండా దొరికేది. నుమాయిష్ రోజుల్లో ఎగ్జిబిషన్ గ్రౌండ్స్ నుంచి ఇంటికొచ్చి మేడెక్కితే పెర్సియస్ మండలంలో అల్గోల్ కనిపించేది. రెండు రోజుల 20 గంటల 49 నిమిషాలకోసారి దాని వెలుగు మూడో వంతుకు పడిపోతుంది. దాదాపు అయిదు గంటలు తగ్గుతూ పోయి, మరో అయిదు గంటల్లో మామూలవుతుంది. పక్క చుక్కలతో సరిచూసుకుంటే చాలు, పరికరంతో పనిలేదు. చీకటి గోళమేదో దానికి అడ్డొస్తోందేమోనని 1783లోనే ఇంగ్లండులో గుడ్రిక్ అనే చెవిటి కుర్రాడు ఊహించాడు. అప్పటికి అతనికి 18 ఏళ్లు. ల్యాప్‌టాప్ లేదు పాపం.

మావాడి గుంట కథా ఇదే. అడ్డొచ్చేది చుక్క బదులు గ్రహం, అంతే. గురుగ్రహం అడ్డుకొలత సూర్యుడి అడ్డుకొలతలో పదో వంతు, కాబట్టి అది అడ్డొస్తే వెలుగు నూరో వంతు తగ్గుతుంది. మన భూమి అడ్డొస్తే తగ్గేది పన్నెండు వేలో వంతు. అందుకే ముందుగా పట్టుబడ్డవన్నీ భారీ శాల్తీలే.

ఈ అడ్డుపడే లెక్క మన ఊరికి కొత్త కాదని ఈ పిల్లలకు ఎవరు చెప్పాలి? 1901లో నవాబ్ జఫర్ జంగ్ ఫిసల్‌బండలో పెట్టిన వేధశాల, ఆయన పోయాక ప్రభుత్వం చేతికొచ్చి బేగంపేటకు చేరింది. అదే నిజామియా. 1919లో ఉస్మానియా విశ్వవిద్యాలయంలో కలిసింది. ప్రపంచమంతా పంచుకున్న నక్షత్ర పట్టికలో మన వంతుగా 7 లక్షలకు పైగా చుక్కల స్థానాలను గాజు పలకల మీద సూక్ష్మదర్శినితో కొలిచి పెట్టారు అక్కడివాళ్లు. కన్ను వాచిపోయే పని. తర్వాత అక్కడి 15 అంగుళాల దూరదర్శినితో, 1968 నుంచి జాపాల్-రంగాపూర్‌లోని 48 అంగుళాల దానితో, ఒకదాన్నొకటి కప్పుకునే జంట చుక్కల వెలుగును కొలిచారు. అభ్యంకర్ గారు, ఎం.బి.కె. శర్మ గారు ఆ విద్యలో పేరున్నవాళ్లు. పద్ధతి ఏమిటంటారా? ముందు పక్కనున్న నిలకడ చుక్క, తర్వాత అసలు చుక్క, ఆ తర్వాత ఖాళీ ఆకాశం. మళ్లీ మొదటి నుంచి. రాత్రంతా అదే పని. గ్రహాల వేటలోనూ నేటికీ వాడేది ఈ నిలకడ చుక్కల ఆసరానే.

ఇక నా కడుపుమంట చెప్తాను. అడ్డొచ్చే గ్రహాన్ని మొదటిసారి పట్టుకున్నది 1999లో. పూర్వాభాద్ర, ఉత్తరాభాద్ర చుక్కలున్న పెగాసస్ మండలంలో హెచ్‌డీ 209458 అనే నక్షత్రం, బైనాక్యులర్స్‌తో కనబడేదే. మూడున్నర రోజులకోసారి దాని వెలుగు ఒకటిన్నర శాతం మేర తగ్గుతోందని తేల్చిన వాళ్లలో షార్బనో అనే విద్యార్థి ఒకడు. అతని దూరదర్శిని అద్దం ఎంతనుకున్నారు? నాలుగు అంగుళాలు! అమెరికాలో బౌల్డర్ అనే ఊళ్లో, కార్లు నిలుపుకునే చోట పెట్టి చూశాడు. బేగంపేటలో మనకున్నది 15 అంగుళాలు. వెలుగు కొలిచే సీసీడీ కెమెరా అతనికి కలిసొచ్చిన మాట నిజమే, కానీ అడ్డుపడే చుక్కల లెక్క దశాబ్దాలుగా మన చేతిలో ఉన్నదే కదా.

సరే, అమెరికా సంగతి వదిలేద్దాం. మౌంట్ ఆబూలో అహ్మదాబాద్ భౌతిక పరిశోధనశాల (పీఆర్‌ఎల్) వాళ్లు 1.2 మీటర్ల దూరదర్శినితో టీఓఐ 1789బీ అనే గ్రహాన్ని తూచి 2021లో ప్రకటించారు. గ్రహాల్ని వెతికే టెస్ ఉపగ్రహం గుంట చూపించింది, వీళ్లు నక్షత్రం ఊగిసలాటను బట్టి బరువు కట్టారు. పరిమాణంలో గురుడికి 1.4 రెట్లు, బరువు మాత్రం గురుడిలో 70 శాతం, ఏడాది 3.2 రోజులు. అక్కడ పుట్టి ఉంటే నా వయసు వేలల్లో ఉండేది, మనవడు కాస్త గౌరవంగా మాట్లాడేవాడు. ఇంతకీ 1.2 మీటర్లంటే 48 అంగుళాలే. రంగాపూర్‌దీ అంతే!

మన జనం మాత్రం ఏం తక్కువ? 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం చూడ్డానికి శాస్త్రజ్ఞులు రంగాపూర్ వస్తే, మన ఊళ్లో చాలామంది తలుపులు బిగించుకుని కూర్చున్నారు. ఇప్పుడు తలుపులు తీసినా కనబడేది లేదు. ఒకవైపు మెట్రో వంతెన దీపాలు, ఇంకోవైపు షోరూముల బోర్డులు. మా మేడ మీద ఇప్పుడు అల్గోల్ మసకబారిందో, ఆబిడ్స్ వెలుగు మింగేసిందో చెప్పడం కష్టం.

మావాడితో వాదించి లాభం లేదు. ఆబిడ్స్ దుకాణదారులకే ఓ విన్నపం: రాత్రి పదకొండు దాటాక మీ బోర్డులు ఆర్పండి బాబూ. ఆ వేళ చీరలు కొనడానికి ఎవరూ రారు.