ఆరంభరావు గారు

ఆయన అసలు పేరు వేరే. పదో ఎత్తు దాకా ఆయన్ని మించిన చదరంగ పండితుడు మా పేటలో లేడు, పదకొండో ఎత్తు నుంచి ఆయనకి చదరంగం రాదు. అందుకని ఆరంభరావు గారని మేమే పెట్టుకున్నాం. ఇలాంటాయన మీ ఊళ్ళోనూ ఉంటారు. విజయవాడలో అయితే వాకింగ్ ట్రాక్ పక్కన సిమెంటు బల్ల మీద, హైదరాబాదులో అయితే అపార్ట్‌మెంటు క్లబ్‌హౌస్‌లో, పిల్లల టోర్నమెంటు జరిగే ఏ ఊళ్ళో అయినా హాలు బయట తల్లిదండ్రుల కుర్చీల్లో. గుర్తుపట్టడం తేలిక. ఆట జరుగుతుంటే అందరూ "ఎవరు గెలుస్తున్నారు?" అని అడుగుతారు. ఈయన "ఏం పడింది?" అంటారు. ఏ ఓపెనింగ్ పడింది అని. జవాబు దొరికాక ఆ ఆటతో ఆయనకి పని లేదు.

మా ఆరంభరావు గారు ఓ ఆఫీసు రికార్డు రూములో పనిచేసి రిటైరయ్యారు. ఫైల్లో ఏముందో ఏనాడూ చదవలేదు, ఏ బీరువాలో ఏ అరలో ఉందో మాత్రం కళ్ళు మూసుకుని చెప్పేవారట. రిటైరైన కొత్తలో ఎవరో ఎన్‌సైక్లోపీడియా ఆఫ్ చెస్ ఓపెనింగ్స్ సంగతి చెప్పారు. బెల్‌గ్రేడ్‌లో చెస్ ఇన్‌ఫార్మెంట్ వాళ్ళు 1970లలో మొదలుపెట్టిన ఐదు సంపుటాల పుస్తకం అది. లోకంలో ఏ ఆట ఎలా మొదలైనా ఎ, బి, సి, డి, ఇ అనే ఐదు అక్షరాల్లో ఒకదాని కిందికి రావలసిందే. ఒక్కో అక్షరానికీ 00 నుంచి 99 దాకా నంబర్లు, వెరసి 500. పెన్షను కన్నా దీనికే ఆయన ఎక్కువ సంతోషించారని వాళ్ళావిడ అంటుంది.

మొన్నామధ్య ఓ కుర్ర తండ్రి వచ్చి, "అంకుల్, మావాడికి ఏ ఓపెనింగ్ నేర్పించమంటారు?" అని అడిగాడు పాపం.

"కూర్చో బాబూ. తెల్లవాడు రాజు ముందు బంటుని రెండు గళ్ళు తోశాడు. నల్లవాడూ అదే తోశాడు. ఇది ఓపెన్ గేమ్. ఇటాలియన్, రుయ్ లోపెజ్, స్కాచ్, కింగ్స్ గాంబిట్ అన్నీ ఇందులోవే. సి 20 నుంచి సి 99. నల్లవాడు దానికి ఎదురు తొయ్యకుండా ఇంకేదైనా ఆడాడా, సెమీ ఓపెన్. సిసిలియన్, కారో కాన్, అలెఖైన్. ఇది బి. మంత్రి ముందు బంటుకి మంత్రి ముందు బంటే జవాబైతే క్లోజ్డ్. క్వీన్స్ గాంబిట్ ఇక్కడే ఉంటుంది. డి. ఆ బంటుకి జవాబుగా నల్లవాడు గుర్రాన్ని తీస్తే ఇండియన్ డిఫెన్సులు. ఇ. తెల్లవాడు నడిమి బంట్ల జోలికి పోకుండా పక్కనుంచి మొదలెడితే ఫ్లాంక్. ఎ."

ఓపెన్‌ని ఓపెన్ అని ఎందుకన్నారో ఆయన చెప్పలేదు గనక నేను చెబుతాను. రాజు బంట్లతో మొదలైన ఆటల్లో నడుమ ఉన్న బంట్లు తరచు తొందరగా ఒకదాన్నొకటి కొట్టుకుని పోతాయి. శకటులకీ ఏనుగులకీ దారులు తెరుచుకుంటాయి, చూస్తుండగానే రాజు మీద దాడి మొదలవుతుంది. మంత్రి ముందు బంటు సంగతి వేరు. ముందుకు తోసినా వెనక మంత్రి కాపలా ఉండనే ఉంది, అంత సులువుగా పోదు. నడిమి గళ్ళు బిగుసుకుంటాయి. యుద్ధం ఆలస్యంగా మొదలవుతుంది, గుర్రాలు చుట్టు తిరిగి రావాలి. ఇండియన్ డిఫెన్సులు ఆడే నల్లవాడు నడుమ జాగాని తెల్లవాడికి వదిలేసినట్టే వదిలేసి, తర్వాత దూరం నుంచి కొడతాడు. పిల్లాడికి ముందు ఓపెన్ గేములు నేర్పడం మంచిది, తప్పు చేస్తే వెంటనే తెలుస్తుంది. ఆ తండ్రికి కావలసింది ఈ ఒక్క మాటే. అది దొరక్కుండానే అరగంట తర్వాత లేచి వెళ్ళిపోయాడు.

అప్పటికి ఆరంభరావు గారు అసలు బాధలోకి దిగారు. ఫ్రెంచ్ డిఫెన్సు జాతిరీత్యా సెమీ ఓపెన్. మరి దాన్ని బి లో పెట్టక సి 00 నుంచి సి 19 దాకా ఓపెన్ వాళ్ళింట్లో ఎందుకు దింపారు? బి లో సిసిలియన్ ఒక్కటే 20 నుంచి 99 దాకా ఎనభై నంబర్లు ఆక్రమించి కూర్చుంది, ఇంక చోటెక్కడిది? సిసిలియన్ మాట వస్తే ఆయన కబ్జాదారుని గురించి మాట్లాడినట్టే మాట్లాడతారు.

ఇండియన్ అన్న మాట దగ్గర మాత్రం ఛాతీ ఉబ్బుతుంది. అది న్యాయమే. పందొమ్మిదో శతాబ్దం నడుమ కలకత్తాలో జాన్ కాక్రేన్ అనే స్కాట్లండ్ బారిస్టరుతో మహేశ్‌చంద్ర బెనర్జీ అనే బెంగాలీ చాలా ఆటలాడాడు. మన దేశవాళీ చదరంగంలో బంటుకి మొదటి ఎత్తులోనే రెండు గళ్ళు దూకే వీల్లేదు. ఆ అలవాటున్నవాడు గనక బంట్లని ఒక్కో గడి జరిపి, శకటుని పక్కనుంచి తీసేవాడు. ఇండియన్ డిఫెన్సులకి ఆ పేరు ఊరికే రాలేదు. 1855లో ఆయన కాక్రేన్ మీద ఆడిన ఓ ఆట మొదలు, ఇవాళ గ్రూన్‌ఫెల్డ్ డిఫెన్సు అంటున్నదే. ఎర్నెస్ట్ గ్రూన్‌ఫెల్డ్ అనే ఆస్ట్రియా ఆటగాడు దాన్ని పెద్ద పోటీల్లోకి తెచ్చింది 1922లో. "ఫైలు మనది, సంతకం వాళ్ళది. పైగా ఇ లో ఉండాల్సినదాన్ని తీసుకెళ్ళి డి లో పెట్టారు!" అని ఆరంభరావు గారు బల్ల గుద్దుతారు.

ఇంత తెలిసిన మనిషి ఆట చూసే తీరు ఇదీ. 2024 డిసెంబరులో సింగపూర్‌లో ప్రపంచ చాంపియన్‌షిప్ చివరి ఆట. మన తెలుగింటి కుర్రాడు గుకేశ్ ఒకవైపు, డింగ్ లిరెన్ ఇంకోవైపు, చెరో ఆరున్నర పాయింట్లు. పేటలో ఫోన్లున్నవాళ్ళంతా ఫోన్లకి అతుక్కుపోయారు. ఆరంభరావు గారు పన్నెండో ఎత్తు దాకా చూసి, నంబరు రాసుకుని, మధ్యాహ్నం కునుకు తీయడానికి లోపలికెళ్ళారు. 55వ ఎత్తులో డింగ్ ఏనుగుని పెట్టకూడని గడిలో పెట్టాడు. పద్దెనిమిదేళ్ళవాడు ప్రపంచ విజేత అయ్యాడు. సాయంత్రం కాఫీ దగ్గర ఈ వార్త చెబితే ఆయన, "అబ్బో, అంతదాకా సాగిందా?" అన్నారు.

ఆయనకి శత్రువు ఎవరయ్యా అంటే, గుర్రంతో మొదలెట్టేవాడు. గుర్రం ముందు కదిలిన ఆట ఎటైనా తిరగొచ్చు, చివరికి ఏ బీరువాలోకి చేరుతుందో బ్రహ్మకైనా తెలియదు. పక్క బంటుతో మొదలైనా కొంతవరకు ఇదే బెడద. 1972లో రెయ్క్యావిక్‌లో ప్రపంచ చాంపియన్‌షిప్ ఆరో ఆటని ఫిషర్ ఇంగ్లిష్ ఓపెనింగ్‌గా మొదలెట్టి, మూడో ఎత్తుకల్లా క్వీన్స్ గాంబిట్‌లోకి మళ్ళించాడు. ఆ ఆట గెలిచిన తీరుకి ఓడిన స్పాస్కీ సైతం చప్పట్లు కొట్టాడు. ఆరంభరావు గారు కొట్టరు. ఎ లో తెరిచిన ఫైలు డి 59లో తేలడం ఆయన దృష్టిలో క్రమశిక్షణ చర్య తీసుకోవలసిన విషయం.

ఆ మధ్య ఆదివారం ఓ తొమ్మిదేళ్ళ పాప ఆయనతో పది నిమిషాల ఆటకి కూర్చుంది. మొదటి ఎత్తే గుర్రం. ఆయన రిజిస్టరు తీసి ఎ 04 అని రాశారు. తన మంత్రి బంటు తోసి, ఆ నంబరు కొట్టేసి ఎ 06 చేశారు. పాప పక్క బంటు తోసింది, ఎ 09. ఈయన రాజు బంటు ఒక గడి జరిపారు, ఎ 13. ఇద్దరూ రాజుల్ని కోటలో పెట్టేసరికి ఎ 14. ఆరో ఎత్తుకి పాప తీరిగ్గా మంత్రి ముందు బంటుని రెండు గళ్ళు తోసింది. ఆయన లేచి నిలబడిపోయారు.

"తల్లీ! ఇది క్యాటలన్ అయిపోయింది! ఇ 06! నీకు తెలుసా?"

"తెలుసు తాతగారూ. మీ టైం నడుస్తోంది."

కొట్టివేతలతో రిజిస్టరు పాడైందని కొత్త కాయితం అంటించేలోపు ఆయన గడియారం సున్నాకొచ్చింది. బోర్డు మీద ఇంకా ఒక్క పావు కూడా చావలేదు. ఆయన ముఖంలో దిగులు వెతికాను, లేదు. "ఇ 06, నల్లపావులు, ఓటమి" అని గుండ్రటి అక్షరాలతో రాసి, పాప చేత సంతకం పెట్టించి, జేబులోంచి చాక్లెట్ తీసిచ్చారు.

ఆ రిజిస్టరు నిండా ఆయన ఓడిన ఆటలే, అక్షరక్రమంలో. సి దాదాపు నిండింది. బి లో సిసిలియన్ పుణ్యమా అని ఖాళీలు తక్కువ. ఇ ఇప్పుడిప్పుడే పుంజుకుంటోంది. డి 80 నుంచి డి 99 దాకా మాత్రం పేజీలు తెల్లగా ఉన్నాయి, మా పేటలో గ్రూన్‌ఫెల్డ్ ఆడేవాళ్ళు లేరు. మీకు వస్తే ఓ ఆదివారం పొద్దున్నే రండి. ఆయనకి తెల్లపావులిచ్చి, ఒక్కసారి ఓడించి వెళ్ళండి.