కోనసీమలో రెండు కొండలు

అమలాపురంలో మేడెక్కి నాలుగు దిక్కులా చూసినా కొండన్నది కనబడదు. కొబ్బరి, కాలవ, వరిచేను, మళ్ళీ కొబ్బరి. అయినా సరే, ఇక్కడ పుట్టి పెరిగిన ఏ పిల్లాడికైనా కాగితం ఇచ్చి "నీకిష్టమైన బొమ్మ వెయ్యరా" అనండి, ముందుగా రెండు కొండలు వేస్తాడు. వాటి మధ్యలోంచి సూర్యుడు సగం బయటికొస్తాడు. అక్కణ్ణుంచే నీలంగా ఒక నది దిగుతుంది. దాని ఒడ్డున ఇల్లు, ఇంటి మీద పొగగొట్టం, ఆకాశంలో పడుకోబెట్టిన మూడంకెలు నాలుగు. అవి కాకులట. ఆ పొగగొట్టం ఏ దేశం నుంచి వచ్చిందో గానీ, మా వైపు పొయ్యి పొగ పెంకుల సందుల్లోంచి తప్ప మరో దారిన పోయిన దాఖలా లేదు.

కొండలు వెయ్యడానికి వడ్డాది పాపయ్యగారికి హక్కుంది. శ్రీకాకుళంలో పుట్టినాయన, తూర్పు కనుమల్ని కళ్ళారా చూసినాయన, 'చందమామ' అట్ట మీద ఎన్ని కొండలు వేసినా అడిగేవాడు లేడు. మా పిల్లలకి ఆ హక్కు ఎవరిచ్చారు?

బళ్ళో డ్రాయింగు మాస్టారుగా ఉన్నన్నాళ్ళూ ఈ ప్రశ్న అడిగే తీరిక నాకు దొరకలేదు. డ్రాయింగు పీరియడంటే లెక్కల మాస్టారి సిలబస్ మిగిలిపోయినప్పుడు వాడుకునే పీరియడని అందరికీ తెలిసిందే. రిటైరయ్యాక మా మేడ మీద ఆదివారం క్లాసు పెట్టాను. వారానికొక బొమ్మ, బొమ్మకొక కిటుకు. పిల్లల కోసమని పెడితే పెద్దవాళ్ళూ వచ్చి చేరారు. వాళ్ళలో ముఖ్యులు ఇద్దరు. రెవెన్యూలో సర్వేయరుగా చేసి దిగిన పెద్దాయన ఒకరు, మనవణ్ణి దింపడానికొచ్చి గుమ్మం దగ్గర నిలబడిపోయిన సుబ్బలక్ష్మిగారు ఒకరు. పేరు మార్చాను, ఆవిడ ఒప్పుకోరు మరి.

మొదటి వారం గీత. ఎడంచెయ్యి బల్ల మీద పెట్టుకుని, చూపు చేతి మీదే ఉంచి, కాగితం వంక చూడకుండా, పెన్సిలు ఎత్తకుండా ఆ చేతి అంచు వెంట గీసుకుంటూ పోవాలి. నికొలాయిడిస్ అనే అమెరికన్ మాస్టారి పుస్తకం 1941లో వచ్చినప్పటి నుంచి ప్రపంచమంతా చేయిస్తున్న సాధనే ఇది. మా మేడ మీద దాని ఫలితం చూస్తే గోంగూర కట్టలు విప్పి పరిచినట్టుంది. పిల్లలు పడీ పడీ నవ్వారు. సర్వేయరుగారు నవ్వలేదు. జేబులోంచి స్కేలు తీశారు.

"స్కేలు లేకుండా గీతేంటి మేస్టారూ? రేపు ఎవడైనా హద్దు తగాదా పెడితేనో?"

"ఇది మీ చెయ్యేనండి. తగాదా ఎవరు పెడతారు?"

ఆయన స్కేలు జేబులో పెట్టేశారు గానీ అక్కడి నుంచి చెయ్యి మాత్రం తియ్యలేదు.

లబ్బరు విషయంలో నేను నిరంకుశుణ్ణి. క్లాసులో లబ్బరు నిషేధం. మా పిల్లలు గీసే సేపు తక్కువ, చెరిపే సేపు ఎక్కువ. ఆఖరికి కాగితం చిరిగితే "కాగితం మంచిది కాదండి" అంటారు. తప్పు గీత పక్కనే ఒప్పు గీత గియ్యండి, రెండూ ఉంటే పోలికైనా తెలుస్తుందని నా వాదన. ఆ నిషేధం వచ్చాక వెనకాల లబ్బరున్న పెన్సిళ్ళు, కారు బొమ్మ లబ్బర్లు, స్ట్రాబెర్రీ వాసన లబ్బర్లు చొక్కా మడతల్లో వస్తున్నాయి.

సుబ్బలక్ష్మిగారు పెన్సిలు పట్టుకోవడానికే భయపడ్డారు. "ఆయ్, నాకు బొమ్మలు రావండి." ధనుర్మాసంలో ఆవిడ వాకిట్లో మెలికల ముగ్గు వేస్తే వీధిలో మోటారు సైకిళ్ళు పక్కకి తిప్పుకుని వెళ్తాయి. సందు చుక్కలు పెట్టి, నడుం వంచి, భుజం నుంచి చెయ్యి తిప్పుతూ, ఎక్కడ మొదలెట్టారో తిన్నగా అక్కడికే వచ్చి కలుపుతారు. బొమ్మలు నేర్చుకునేవాడు మణికట్టు బిగించకుండా భుజంతో గియ్యాలని నేను నెలల తరబడి మొత్తుకునేది ఆ పనే. "పిండి అయితే వస్తుందండి, పెన్సిలైతే రాదండి" అన్నారావిడ. సుద్దముక్క ఇచ్చి మేడ గచ్చు మీద కూర్చోబెట్టాను. అంతే, క్లాసులో అందరికంటే మంచి గీత ఆవిడదే. అది బొమ్మ కాదని, ముగ్గేనని ఆవిడ ఇప్పటికీ అంటారు.

షేడింగుకి లోకమంతా కోడిగుడ్డే పెడుతుంది. తెల్లగా ఉంటుంది, మచ్చా గీతా ఉండదు, వెలుగు ఎక్కడ మొదలై ఎక్కడ చీకటవుతుందో చక్కగా కనబడుతుంది. నేనూ పెట్టాను. "మేం గుడ్డు ముట్టుకోమండి" అని ఇద్దరు లేచి గోడ దగ్గర నిలబడ్డారు. సరేనని వంకాయలు తెప్పించాను. ఆ మాట అడ్డుపడటమే మేలైంది. నల్ల వంకాయని కిటికీ పక్కన పెట్టి చూడండి, దానంత గొప్ప పాఠం గుడ్డులో లేదు. భుజం మీద తళుక్కుమనే తెలుపు, దాని చుట్టూ ఊదా, ఇంకాస్త పక్కకి వెళ్తే చిక్కని నలుపు, తీరా అంచు దగ్గరికొచ్చేసరికి మళ్ళీ సన్నగా వెలుగు. బల్ల మీది గుడ్డ తెల్లది కనక ఆ వెలుతురు అడుగు నుంచి కొట్టి వంకాయ అంచుని ఎత్తి చూపిస్తుంది. ఈ ఆఖరి వెలుగు వేస్తేనే కాయ గుండ్రంగా నిలబడుతుంది, లేకపోతే కాగితానికి అంటుకుపోతుంది. ఆ తెలుపు మచ్చని పెన్సిలుతో వెయ్యలేం, కాగితాన్నే వదిలెయ్యాలి.

"అంతా నల్లగా పులిమెయ్యకురా, చూడు" అని ఒకణ్ణి కసిరాను. వాడు ముక్కు ఆన్చి చూశాడు.

"మేస్టారూ, వంకాయ మీద మన కిటికీ ఉందండి! ఊచలు కూడా ఉన్నాయండి!"

నిజమే. ఆ తెలుపు మచ్చ బారెడు కిటికీయే, వంగి, చిన్నదైపోయి, ఊచలతో సహా కూర్చునుంది. అందరూ ఎగబడి చూశారు. వంకాయ అంటే ఊదా రంగు కోడిగుడ్డు అనుకుని ఇంతకాలం తిన్నవాళ్ళంతా ఆ రోజు మొదటిసారి వంకాయని చూశారు. వచ్చే వారం పూర్తి చేద్దామని ఆపితే, సాయంత్రానికి మోడళ్ళన్నీ మా ఇంట్లోనే గుత్తివంకాయ కూరైపోయాయి. అడిగితే మా ఆవిడ, "దాచి ఉంచితే ముడతలు పడవూ? ముసలి వంకాయ వేయిస్తారా పిల్లల చేత?" అంది. ఆ మాటకి కళాపరంగా నా దగ్గర జవాబు లేదు.

కొబ్బరిచెట్టు వారం మాత్రం నిజంగా యుద్ధమే. కిటికీలోంచి చెయ్యి చాపితే అందే చెట్టు అది. దాన్ని చూడకుండా అందరూ కర్ర పాతి, నెత్తి మీద అయిదు ఆకులు నక్షత్రంలా పెట్టారు. మాను అడుగున ఎంత లావుగా ఉందో, రాలిపోయిన మట్టల తాలూకు వలయాలు ఎలా మెట్లు కట్టాయో, కింది మట్టలు మాను వెంబడే వేలాడుతుంటే మన వైపుకి వచ్చే మట్ట ఎంత పొట్టిగా కనబడుతుందో, ఇవన్నీ ఎదురుగా ఉన్నా ఎవరికీ కనబడవు. చెట్టెలా ఉంటుందో వాళ్ళకి ముందే తెలుసు కదా, ఇక చూడటం దేనికి? ఆఖరికి ఒక ఉపాయం చేశాను. "ఆకులు వెయ్యకండి. ఆకుల మధ్య ఆకాశం ముక్కలు ముక్కలుగా కనబడుతోందే, ఆ ముక్కలు మాత్రం వెయ్యండి" అన్నాను. ఆకాశం ముక్క ఎలా ఉంటుందో ఎవరికీ ముందు తెలియదు, చూడక తప్పలేదు. ముక్కలన్నీ పడేసరికి మధ్యలో చెట్టు దానంతటదే లేచి నిలబడింది. "ఈ ముక్కలకి సర్వే నంబర్లు వేసుకోవచ్చా మేస్టారూ?" అన్నారు పెద్దాయన. వేసుకున్నారు కూడా.

ఆయనతో అసలు పేచీ కాలవ గట్టు దగ్గర వచ్చింది. దూరం పోయేకొద్దీ రెండు గట్లూ దగ్గరవుతూ కంటి ఎత్తు గీత మీద ఒక చుక్కలో కలుస్తాయి అని చెప్పాను. ఆయన ససేమిరా అన్నారు. "ఎఫ్‌.ఎం.బి. కొలతల పుస్తకంలో ఈ కాలవ వెడల్పు ఆ చివరా ఈ చివరా ఒకటేనండి. నేనే కొలిచాను. మీరు కలిపేస్తే మధ్యలో పోయిన పోరంబోకుకి ఎవరు జవాబుదారీ?" ఆయన బొమ్మలో కాలవ సమానమైన వెడల్పుతో నిటారుగా ఆకాశంలోకి వెళ్ళిపోయింది. పడవ కూడా.

రంగుల వారానికి ట్యూబుల పెట్టెలోంచి పచ్చరంగు తీసి దాచేశాను. పసుపూ నీలమూ కలిపి ఎవరి పచ్చ వాళ్ళు చేసుకోవాలి. పసుపు ఎక్కువైతే నారుమడి, నీలం ఎక్కువై చిటికెడు ఎరుపు పడితే కొబ్బరాకు నీడ. కోనసీమలో ఉన్నన్ని పచ్చలు ట్యూబుల్లో పోసి అమ్మేవాడు ఎక్కడున్నాడు? అయితే పిల్లలు రెండు రంగులతో ఎందుకు ఆగుతారు? అన్నీ కలిపారు. కుంచెలు కడిగిన బుడ్డిలో మట్టి రంగు నీళ్ళు మిగిలాయి. పారబొయ్యబోతుంటే ఆపి, ఆ నీళ్ళతోనే నది వేయించాను. శ్రావణంలో ఎర్రనీరు దిగిన గోదారి అచ్చంగా కాగితం మీదికి వచ్చింది. మర్నాడు ఒక తల్లి వచ్చి, "నదిని బురదగా వేయించారేంటండి, పోటీకి పంపాలి, నీలం వెయ్యమనండి" అంది. వరద రోజుల్లో బోడసకుర్రు వంతెన మీద ఒకసారి ఆగి చూడమన్నాను. "అది గోదారండి. పోటీకి నది కావాలి" అందావిడ. పోటీల న్యాయనిర్ణేతల్ని బాగానే అర్థం చేసుకున్న మనిషి.

ఒకసారి అందరినీ రాజమండ్రి తీసుకెళ్ళి దామెర్ల రామారావు గ్యాలరీ చూపించాను. రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాలు కూల్డ్రే దొర ఆ కుర్రాడి చెయ్యి చూసి బొంబాయి జె.జె. స్కూలుకి పంపించాడు. రామారావు 1925లో, 28 ఏళ్ళైనా నిండకుండా, మశూచితో పోయాడు. ఆ కాస్త కాలంలో వేసినవి చూసి పిల్లలు సైతం కాసేపు అల్లరి మానేశారు. సర్వేయరుగారు ఒక్కో బొమ్మ దగ్గరా వంగి లబ్బరు వాడిన ఆనవాళ్ళు వెతికారు.

మొహాల వారం వచ్చింది. నడినెత్తి నుంచి గడ్డం దాకా కొలిస్తే కళ్ళు సరిగ్గా సగంలో ఉంటాయి. ఎవరూ నమ్మరు, అందరూ కళ్ళు తీసుకెళ్ళి నుదుటి మీద పెడతారు. సుబ్బలక్ష్మిగారు దారం తీసుకుని ఇంటికెళ్ళి, పేపరు చదువుకుంటున్న భర్తని కొలిచి, సుద్ద మాని మొదటిసారి పెన్సిలుతో వేసుకొచ్చారు. ఆయనకి జుట్టు తక్కువ కనక పై సగం ఖాళీగానే వచ్చింది. కొలత తప్పు లేదు. వంకాయ పాఠం గుర్తుంచుకుని నడినెత్తి మీద చిన్న కిటికీ కూడా వేశారు, ఊచలతో.

తర్వాతి ఆదివారం ఆయనే వచ్చారు. నాలుగు వెంట్రుకలు పెట్టించండని అడుగుతారనుకున్నాను. ఫీజు బల్ల మీద పెట్టి, "నన్నూ చేర్చుకోండి మేస్టారూ. ఆవిడ బొమ్మ నేనూ వేస్తాను" అన్నారు. మొహాలు ఆఖర్న వస్తాయండి, ముందు గీతలు, వంకాయ, కొబ్బరిచెట్టు, కాలవ, అన్నీ దాటాలి అని చెప్పాను. ఎన్నాళ్ళు పడుతుందన్నారు. సుబ్బలక్ష్మిగారు గచ్చు మీద నుంచి తలెత్తకుండానే, "తొందరేం లేదండి, నెమ్మదిగా నేర్పండి" అన్నారు.